సంఘసేవా విద్యలో సకల జనుల బిడ్డలు

గ్రామమున కొక అధికారి వచ్చి, రచ్చబండవద్ద నలుగురు పెద్దలతో మాటలాడి, కావలసిన వివరములు వ్రాసికొని వెడలిపోవుట మన పల్లెలలో తరచుగా జరుగునదే. ఆ నలుగురు చెప్పినది అసత్యము కాకపోవచ్చును. కాని ఊరి చివరనున్న పేటలో చేతిపంపు చెడి ఎన్నినాళ్లయినదో, కూలికి పోయిన తల్లుల పసిబిడ్డలు పగలెల్ల ఎవరి చెంత నుందురో వారికి తెలియకపోవచ్చును. సేవ చేయవలెనను కోరిక ఎంత గొప్పదైనను, ఎవరిని అడుగవలెనో, ఏ వేళ అడుగవలెనో, ఏ భాషలో అడుగవలెనో తెలియనిచో ఆ సేవ అందవలసినవారికి అందదు.

ఈ తెలివిడిని క్రమపద్ధతిలో నేర్పు చదువొకటి కలదు. దానిని సంఘసేవా విద్య అందురు. ఇంటర్మీడియెట్ ముగించిన పిమ్మట చదువదగిన తొలి పట్టమును బి.ఎస్.డబ్ల్యు. అని వ్యవహరింతురు. కొన్ని విద్యాసంస్థలు దీనినే బి.ఏ. పట్టముగా ఇచ్చుచున్నవి. ఈ తరగతులలో ఏయే కుటుంబముల బిడ్డలు కూర్చుండవలెను, అన్ని వర్గములవారు కలసి చదువుటవలన గ్రామములకు కలుగు లాభమేమి అను విషయములను పాఠకుల ముందుంచుట మా ఉద్దేశము.

ఆరంభము నగరములలో

మన దేశములో సంఘసేవను ఒక వృత్తివిద్యగా నేర్పిన తొలి విద్యాలయము 1936వ సంవత్సరములో బొంబాయి నగరమున వెలసినది. సర్ దొరాబ్జీ టాటా పేరిట స్థాపింపబడిన ఆ విద్యాలయము 1944లో టాటా సాంఘిక శాస్త్రముల సంస్థగా పేరు మార్చుకొని, 1964లో విశ్వవిద్యాలయముతో సమానమైన ప్రతిపత్తిని పొందినది. అది పట్టభద్రుల కొరకు ఏర్పడిన విద్యాలయము. ఆనాడు పట్టభద్రులైనవారు ఎందరు? అందులో పల్లెలవారు, స్త్రీలు, దళితులు, గిరిజనులు ఎందరు? చదువు సద్భావముతో ఆరంభమైనను, పేదల కష్టములు తీర్చుట కుద్దేశింపబడిన ఆ వృత్తిలో పేదల బిడ్డలు అడుగిడుటకు చాలకాలము మార్గము ఇరుకుగానే యుండెను.

కావుననే ఇంటర్మీడియెట్ తరువాతి తొలి పట్టమునకు ఇంత ప్రాముఖ్యము. పట్టము పొంది, ఆపై మరి రెండేండ్లు చదువుటకు కూలివాని ఇంటి బిడ్డకు వీలు చిక్కదు. మూడేండ్లలో ఒక వృత్తి చేతికి వచ్చునన్నచో, తల్లిదండ్రులు ధైర్యము చేసి పంపగలరు. ఆడపిల్ల చదువు విషయములో ఈ రెండేండ్ల తేడా మరింత పెద్దది. పెండ్లిమాట రాకమునుపే పట్టము చేతికందిన బాలిక తన కాళ్లపై తాను నిలువగలదు. బొంబాయి సంస్థ సైతము మహారాష్ట్రలో కరవు ప్రాంతమైన తుల్జాపురమున గ్రామీణ విద్యాకేంద్రమును నెలకొల్పి, అచ్చట పట్టపూర్వ స్థాయిలో బోధనకు పూనుకొన్నది. నగరములో పుట్టిన చదువు పల్లెచెంతకు వచ్చుట శుభపరిణామము.

మన నేల నేర్పిన పాఠము

సేవకుడు తాను సేవించు ప్రజలలోనుండియే రావలెనను మాట తెలుగునాటికి క్రొత్త కాదు. 1943లో నాటి హైదరాబాదు రాజ్యములోని ఆదిలాబాదు జిల్లా మార్లవాయి గ్రామములో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణకేంద్రమొకటి తెరువబడినది. మానవశాస్త్రజ్ఞుడైన హైమన్‌డార్ఫ్ ఆ పథకమునకు ముఖ్యప్రేరకుడు. మైదాన ప్రాంతమునుండి వచ్చిన ఉపాధ్యాయునకు గోండీ భాష రాదు. గోండు బాలునకు ఉపాధ్యాయుని భాష రాదు. అట్టిచోట పాఠశాల ఉండియు లేనట్లే. అందువలన గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దిరి. గోండీలో వాచకములు సిద్ధపరచిరి. బడి తమదే యన్న నమ్మకము గూడెములలో కలుగుటకు ఇది దోహదము చేసినది.

రెండవ ఉదాహరణము శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి కృషి. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన ఆమె, స్వాతంత్ర్యోద్యమములో జైలుకు వెళ్లివచ్చిన పిమ్మట మెట్రిక్యులేషను మొదలు న్యాయశాస్త్రము వరకు పట్టుదలతో చదివిరి. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. పల్లెలలో పనిచేయుటకు గ్రామసేవికలు, మంత్రసానులు, ఉపాధ్యాయినులు కావలసియుండగా, అందుకు తగిన చదువుగల స్త్రీలు పల్లెలలో దొరకకుండిరి. పట్టణములనుండి స్త్రీలను పంపుటకు బదులు, నడుమ చదువు మానిన గ్రామీణ స్త్రీలనే కొద్దికాలములో పరీక్షలకు సిద్ధముచేయు సంక్షిప్త విద్యాపథకమును 1958లో ఆ మండలి ప్రారంభించినది. వితంతువులు, భర్తలు విడిచిన స్త్రీలు, బీదరాండ్రు ఎందరో దీనివలన చదువుకొని ఉద్యోగములలో ప్రవేశించిరి.

ఈ రెండు ప్రయత్నములును చెప్పునది ఒక్కటే. యోగ్యత లేనివారిని చేర్చుకొనుట కాదు. యోగ్యత సంపాదించుకొను అవకాశమును క్రొత్తవారికి కలిగించుట.

తలుపులు తెరచిన చట్టములు

1951లో జరిగిన మొదటి రాజ్యాంగ సవరణ, వెనుకబడిన తరగతులకును, షెడ్యూల్డు కులములకును, తెగలకును విద్యలో ప్రత్యేక సౌకర్యములు కల్పించు అధికారమును ప్రభుత్వములకిచ్చినది. 2006వ సంవత్సరపు చట్టము కేంద్ర విద్యాసంస్థలలో షెడ్యూల్డు కులములకు 15 శాతము, షెడ్యూల్డు తెగలకు 7.5 శాతము, ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతము స్థానములు కేటాయించినది. దానిని సుప్రీంకోర్టు 2008లో సమర్థించినది. 2016వ సంవత్సరపు చట్టమువలన ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ఉన్నత విద్యాసంస్థలలో వికలాంగులకు 5 శాతమునకు తక్కువ కాకుండ స్థానములు లభించుచున్నవి. 2019లో జరిగిన సవరణ, ఇతర కేటాయింపులు వర్తింపని పేదకుటుంబములకు 10 శాతము స్థానములకు మార్గమేర్పరచినది. హిజ్రాలు మున్నగువారి హక్కులను సుప్రీంకోర్టు 2014లో గుర్తించగా, 2019లో వారి రక్షణకు ప్రత్యేకచట్టము వచ్చినది.

భాష మరియొక తలుపు. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయముల పట్టతరగతులకు జరుగు ఉమ్మడి ప్రవేశపరీక్ష 13 భాషలలో నిర్వహింపబడుచున్నది, అందులో తెలుగొకటి. ఇక కళాశాలకు పోవు వయస్సు దాటినవారికి దూరవిద్య ఆధారము. 1985లో స్థాపింపబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము సంఘసేవలో పట్టవిద్యను దూరవిద్యగా అందించినది.

అయినను తలుపు తెరచుటతో అందరును లోపలికి వచ్చినట్లు కాదు. 2021–22వ విద్యాసంవత్సరములో భారతదేశపు ఉన్నతవిద్యలో చేరియున్నవారు 4.33 కోట్లమంది, అందులో స్త్రీలు 2.07 కోట్లు. ఇది సంతోషింపదగిన విషయము. షెడ్యూల్డు కులముల విద్యార్థులు 66.23 లక్షలు, అనగా నూటికి సుమారు 15 మంది. గిరిజన విద్యార్థులు 27.1 లక్షలు, అనగా నూటికి ఆరుగురు. 2011 జనాభా లెక్కలలో షెడ్యూల్డు కులములవారు నూటికి 16.6, గిరిజనులు 8.6 వంతున నుండిరి. ఈ లెక్కలు ఒక్క సంఘసేవా విద్యవి కావు. అన్ని చదువులకు చెందినవి. గూడెమునుండి కళాశాలకు గల దూరము ఇంకను తరుగవలసియున్నదని ఇవి తెలుపుచున్నవి.

తరగతిలో వైవిధ్యము, పల్లెలో ప్రయోజనము

సంఘసేవా విద్యలో పుస్తకము సగము, క్షేత్రశిక్షణ సగము. వారములో కొన్ని దినములు విద్యార్థులు మురికివాడలకు, ఆసుపత్రులకు, బాలల వసతిగృహములకు, పల్లెలకు పోయి పనిచేయుదురు. తాము చూచినది, విన్నది, చేసినది దినచర్యగా వ్రాసి అధ్యాపకులకు చూపుదురు. పిదప అందరును కూర్చుండి చర్చింతురు. ఏడాదికొక పర్యాయము గ్రామములో శిబిరము వేసి కొన్ని దినములు అచ్చటనే నివసించుటయు కలదు.

ఈ చర్చలోనే పలువిధముల కుటుంబములనుండి వచ్చిన విద్యార్థుల విలువ బయటపడును. ఒక పల్లెలో బాలింతలు అంగన్‌వాడీకి రాకున్నారనుకొందము. వారికి అవగాహన లేదని పట్టణపు విద్యార్థి వ్రాయవచ్చును. కూలికుటుంబములో పెరిగిన విద్యార్థిని, కేంద్రము తెరచు వేళకే వారు పొలమునకు పోవుదురని చెప్పును. పేటనుండి వచ్చిన యువకుడు, కేంద్రము ఏ వీధిలో నున్నదని అడుగును. చక్రముల కుర్చీలో తిరుగు విద్యార్థి, గుమ్మమునకు ఎన్ని మెట్లున్నవో చూచును. కొండప్రాంతపు విద్యార్థిని, అచ్చటి తల్లులకు తెలుగులో చెప్పిన మాట ఎంతవరకు బోధపడినదని ప్రశ్నించును. ఒకే కష్టమునకు ఇన్ని కారణములున్నవని ఏ ఒక్కరికిని ముందుగా తెలియదు. పదిమంది కలసి చూచినపుడే తెలియును.

ఇందువలన కలవారి బిడ్డలకును మేలు కలదు. తాము ఎన్నడును అడుగిడని వాడలోని జీవనమును వారు తోటి విద్యార్థి నోట విందురు. జాలికి మారుగా గౌరవము నేర్చుకొందురు. పేదవాని బిడ్డయు, తాను సహాయము పొందువాడు మాత్రమే కాదు, సహాయమును నడిపింపగలవాడను ఆత్మవిశ్వాసము పొందును.

అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరము. గిరిజన విద్యార్థి గిరిజనుల విషయమే, దళిత విద్యార్థి దళితుల విషయమే మాటలాడవలెనని భావించుట తగదు. తన వారినిగూర్చి ప్రతిదినమును సాక్ష్యము చెప్పవలసివచ్చుట విద్యార్థికి భారమగును. ఆసుపత్రిలోగాని, న్యాయస్థానములోగాని, నగరపాలనలోగాని వారు ఎచ్చటనైనను పనిచేయగలవారే. అట్లే, తమ వర్గమునుండి వచ్చినంతమాత్రమున శిక్షణ అక్కరలేదనుటయు పొరపాటే. తన ఊరిని సైతము క్రొత్తకన్నులతో చూచుటకు చదువు కావలెను.

చేరుటతో సరి కాదు

సీటు లభించిన విద్యార్థి చదువు ముగించుటయే అసలు పరీక్ష. రుసుము, వసతి, భోజనము, క్షేత్రశిక్షణకు పోవు బస్సుచార్జీలు — వీనిలో ఏది తప్పినను చదువు ఆగును. ఉపకారవేతనము ఆలస్యమైనచో, ఉన్నవారి బిడ్డకు అది అసౌకర్యము. లేనివారి బిడ్డకు అది చదువుకు ముగింపు. 2018 ఫిబ్రవరిలో టాటా సంస్థ విద్యార్థులు, ఉపకారవేతనమునకు అర్హులైనవారికి పూర్వము లభించిన వసతి, భోజన రుసుముల మినహాయింపు తొలగింపబడినదని సమ్మె చేయుట ఈ సమస్య తీవ్రతను దేశమునకు తెలిపినది. స్థానమును కేటాయించుట ఎంత అవసరమో, ఆ స్థానములో విద్యార్థి చివరివరకు కూర్చుండునట్లు చూచుటయు అంతే అవసరము.

భాషయు అట్టిదే. తెలుగు మాధ్యమములో చదివివచ్చిన బాలునకు పాఠ్యగ్రంథములు ఆంగ్లములోనే యుండుట మొదటి ఏడాది పెద్ద అడ్డంకి. అతడు తరగతిలో మౌనముగా నుండినంతమాత్రమున తెలివితక్కువవాడని తలపరాదు. పల్లెలో పదిమందిని కూర్చుండబెట్టి మాటలాడించునపుడు అతనిదే పైచేయి కావచ్చును. తెలుగులో మంచి పాఠ్యగ్రంథములు, తొలి మాసములలో ఆంగ్లమున ప్రత్యేకశిక్షణ, ఆదరముతో పలుకరించు అధ్యాపకుడు — ఈ మూడును సమకూరినచో ఆ అడ్డంకి తొలగును.

గ్రామస్థులు చేయదగినది

సాధారణముగా ఏ గ్రూపులో ఇంటర్మీడియెట్ చదివినవారైనను ఈ పట్టమునకు అర్హులే. వైద్యము, ఇంజనీరింగు తప్ప వేరు చదువు లేదను భావనను తల్లిదండ్రులు విడువవలెను. ఆసుపత్రులలో, బాలల సంరక్షణ కార్యాలయములలో, స్త్రీల సహాయకేంద్రములలో, స్వచ్ఛందసంస్థలలో ఈ చదువునకు తగిన పనులు కలవు. మీ గ్రామములో ఇంటర్మీడియెట్ ముగించిన బాలబాలికలకు, విశేషించి పేటలలోను గూడెములలోను ఉన్నవారికి, ఈ సంగతిని ఉపాధ్యాయులు, పంచాయతీ సభ్యులు తెలియజేయవలెను. కుల, ఆదాయ ధ్రువపత్రములను ప్రవేశకాలమునకు ముందే సిద్ధపరచుకొనుటలో వారికి తోడ్పడవలెను. ధ్రువపత్రము లేక సీటు పోగొట్టుకొనుట కంటె విచారకరమైనది లేదు.

సంఘసేవా విద్యార్థులు శిబిరమునకు మీ ఊరు వచ్చినపుడు వారిని రచ్చబండవద్దనే నిలుపక, ఊరంతయు తిరుగనిండు. అన్ని వీధులవారును వారితో మాటలాడునట్లు చూడుడు. ఇప్పుడు మీ ఊరి బిడ్డ అట్టి తరగతిలో చేరినచో, మరి కొన్నేండ్లకు వేరొక పల్లెలో ఎవరును వినని మాటను వినువారొకరు ఏర్పడుదురు. ఊరికి రోడ్డు వచ్చినట్లే, బడి వచ్చినట్లే, ఇదియు ఒక అభివృద్ధియే.