పాల బిల్లు – ఇంటి పద్దు

బిల్లు వచ్చిన వారమే ఖర్చయిపోయి, గేదె వట్టిపోగానే అప్పు చేసేవారిని తనిఖీకి వెళ్ళిన సంఘాలలో చూస్తుంటాను. చివరకు ఆ చూడి గేదెనే తక్కువకు అమ్ముకుంటారు.

ఒక కాగితం మధ్యగా గీత గీయండి. ఎడమవైపు పాల బిల్లు, కూలి, ఇతర రాబడి. కుడివైపు దాణా, బియ్యం, బడి ఫీజు, అప్పు వాయిదా వ్రాయండి. కుడివైపు మొదటి పద్దు మాత్రం "వట్టి నెలల మేపు" కావాలి.

ఉదాహరణకు, గేదె 9 నెలలు పాలిచ్చి 5 నెలలు వట్టిపోతుందనుకొందాం. మేపుకు నెలకు రూ. 1,800 చొప్పున రూ. 9,000 కావాలి. పాలిచ్చే కాలంలో 15 రోజుల బిల్లులు 18. అనగా బిల్లుకు రూ. 500 ముందుగా పొదుపు ఖాతాలో వేయాలి. మిగిలినదే ఇంటి ఖర్చుకు.

చూడి చివరి 2 నెలలు దాణా తగ్గితే వచ్చే ఈతలో పాలు తగ్గుతాయి. కనుక ఈ బిల్లుతోనే ప్రారంభించండి.