కాలేజీ సంగతి ఏడో తరగతిలోనే తెలియాలి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరుంది. 2005 నవంబరు 10న అక్కడి పాఠశాలల బోర్డు సమావేశంలో ఒక ప్రకటన వెలువడింది. ఊరి ప్రభుత్వ బడుల్లో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి విద్యార్థికీ రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు తాము కడతామని, ఈ ఏర్పాటు ఎప్పటికీ సాగుతుందని కొందరు దాతలు మాట ఇచ్చారు. పేర్లు మాత్రం చెప్పుకోలేదు. ‘కలమజూ ప్రామిస్’ అని పేరుపడ్డ ఈ పథకంలో చేరడానికి ఇన్ని మార్కులు రావాలన్న నిబంధన లేదు, ఆదాయం లెక్క అక్కర్లేదు. ఆ ఊళ్లో ఉంటూ ఆ బడుల్లో ఎన్నేళ్లు చదివారన్నదే చూస్తారు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా చదివితే ఫీజు మొత్తం ఇస్తారు. తొమ్మిదిలో చేరినవాళ్లకు 65 శాతం వస్తుంది, పదిలో చేరితే ఏమీ రాదు.

ఉపకార వేతనం ఎంత అన్నదాని కన్నా, అది వస్తుందని పిల్లలకు ఏ తరగతిలో తెలిసిందన్నదే ముఖ్యమని ఈ పథకం చూశాక నాకు గట్టిగా అనిపిస్తుంది. పెద్ద చదువు పన్నెండో తరగతి ఫలితాల రోజున తేలే వ్యవహారం కాదు. కష్టమైన లెక్కల క్లాసు తీసుకోవాలా, జ్వరం తగ్గగానే బడికి పోవాలా, సాయంత్రాలు ఏదైనా కొట్లో పనికి కుదరాలా అన్న చిన్న చిన్న నిర్ణయాలన్నీ ఏడెనిమిది తరగతుల నుంచే మొదలవుతాయి. కాలేజీ తనకు అందదనుకున్న పిల్లవాడు ఆ నిర్ణయాలు ఒక రకంగా తీసుకుంటాడు, అందుతుందని తెలిసినవాడు మరో రకంగా తీసుకుంటాడు. కలమజూలో పథకం వచ్చిన తొలి ఏళ్లలోనే హైస్కూలు విద్యార్థులు క్రమశిక్షణ తప్పి సస్పెండయ్యే రోజులు తగ్గాయని, నల్లజాతి పిల్లల మార్కులు పెరిగాయని అక్కడి అప్‌జాన్ సంస్థ ఆర్థికవేత్తలు లెక్కతేల్చారు. కాలేజీ ఫీజు రూపంలో ఒక్క డాలరైనా ఆ పిల్లల చేతికి రాకముందే కనబడిన మార్పు ఇది.

ముందే చెప్పడానికి ఎంత బలముందో అదే రాష్ట్రంలో మరో ప్రయోగం ఇంకా తేటగా చూపింది. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయం, బాగా చదివే పేద విద్యార్థుల్లో కొందరికి ఒక పెద్ద కవరు పంపింది. సీటు వస్తే నాలుగేళ్లూ ఫీజు ఉండదన్న హామీ అందులో ఉంది. తల్లిదండ్రులకూ, ప్రిన్సిపాళ్లకూ విడిగా కబురు చేసింది. నిజానికి ఆ పిల్లల్లో ఎక్కువమందికి పాత నిబంధనల ప్రకారమే దాదాపు అంత సాయమూ దక్కేది. ఉన్న సంగతినే ముందుగా, ఖాయంగా చెప్పారంతే. కవరు అందనివాళ్లలో 26 శాతం దరఖాస్తు చేస్తే, అందినవాళ్లలో 68 శాతం చేశారు. చేరినవాళ్ల వాటా రెట్టింపు దాటింది.

అయితే మాట ఇచ్చి ఊరుకుంటే సరిపోతుందా? సరిపోదు, దానికి సాక్ష్యం కలమజూలోనే ఉంది. పథకం వల్ల ఆరేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారి శాతం పెరిగింది. ఆ పెరుగుదల దాదాపు అంతా అమ్మాయిలదే. అబ్బాయిల డిగ్రీలు పెరగలేదు. అందుకే డబ్బు వృథా అనేవాళ్లున్నారు. నాకు దీనిలో కనిపించే అర్థం వేరు. ఫీజు అడ్డు తొలగినా చేయిపట్టి నడిపించే మనిషి కొందరికి కావాలి. 2008లో ఆదాయ పన్ను రిటర్నులు నింపే హెచ్ అండ్ ఆర్ బ్లాక్ కార్యాలయాల్లో జరిగిన ఒక పరిశోధన ఈ విషయాన్ని తేల్చింది. అప్పట్లో వందకు పైగా ప్రశ్నలుండే కేంద్ర విద్యార్థి సాయం దరఖాస్తును కొన్ని కుటుంబాలకు దగ్గర కూర్చుని నింపి పెట్టారు. ఆ ఇళ్ల పిల్లల్లో రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్లు 28 నుంచి 36 శాతానికి పెరిగారు. వివరాలు చెప్పి పంపేసిన కుటుంబాల్లో ఏ మార్పూ లేదు. న్యూయార్క్ వ్యాపారి యూజీన్ లాంగ్ ఈ సంగతిని అంతకు చాలా ముందే గ్రహించాడు. 1981లో ఈస్ట్ హార్లెంలో తాను చదువుకున్న బడికి వెళ్లి, ఆరో తరగతి ముగించిన 61 మందికి కాలేజీ ఫీజు కడతానని మాట ఇచ్చాడు. ఆ తర్వాత వాళ్ల బాగోగులు చూసేందుకు ఒక పూర్తికాలపు కార్యకర్తనూ పెట్టాడు. లాంగ్‌తో సంబంధం నిలిచిన పిల్లల్లో సగానికి పైగా కాలేజీలో చేరారు.

ఉన్నవాళ్ల పిల్లలకు కూడా ఎందుకివ్వాలన్నది న్యాయమైన ప్రశ్నే. కలమజూ ఏర్పాటులో దానికి జవాబుంది. మిగతా సాయాలకన్నా ముందు ప్రామిస్ సొమ్మే ఫీజుకు జమవుతుంది. దాంతో పేద విద్యార్థికి కేంద్రం ఇచ్చే పెల్ గ్రాంటు అద్దెకూ పుస్తకాలకూ మిగులుతుంది. పైగా వడపోత లేకపోతే ఆ మాట ఊరందరి నోటా నానుతుంది. ఎవరు అర్హులో తెలియక పేదవాళ్లే వెనక్కి తగ్గే ఇబ్బంది ఉండదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, లక్షల మంది దానివల్ల డిగ్రీలు, ఇంజినీరింగులు చదివారు. కానీ బకాయిలు పేరుకుని, కాలేజీ వాళ్లు ఫీజు కట్టమని పిల్లలనే అడిగిన ప్రతిసారీ ఆ మాట మీద నమ్మకం కొంత తరుగుతుంది. బకాయిల సంగతి ప్రభుత్వాలు చూడాలి. దానితోపాటు చేయదగ్గ పని ఇంకొకటుంది. ఏడో తరగతి పిల్లల తల్లిదండ్రులను బడికి పిలిచి, ఇంటర్ తర్వాత ఏ కోర్సుకు ఎంత ఫీజు ప్రభుత్వం కడుతుందో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఎప్పుడు తీసుకోవాలో, ప్రవేశ పరీక్షలకు ఎప్పటి నుంచి సిద్ధం కావాలో తెలుగులో ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం కింద, సందేహం వస్తే ఫోన్ చేయడానికి మండలంలో ఆ పనికే పెట్టిన ఒక మనిషి నంబరు ఉండాలి.