ఇంటి కప్పుపై సౌరవిద్యుత్తు – వ్యయం, ఫలితం

ఖర్చును ఫలితంతో తూచి చూడడం గోదావరి డెల్టాకు కొత్త కాదు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పనులు ప్రారంభం కాకముందే ఆర్థర్ కాటన్ దానికయ్యే వ్యయాన్నీ, దానివల్ల వచ్చే రాబడినీ అంచనా కట్టి ప్రభుత్వానికి నివేదించాడు. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట డెల్టాను ధాన్యాగారంగా మార్చింది. నేడు ఇంటి కప్పుపై సౌరఫలకాలు అమర్చుకోదలచిన గృహస్థుడికి కూడా అటువంటి లెక్కే అవసరం.

సౌరఫలకంపై ఎండ పడినప్పుడు దానిలోని సిలికాన్ ఘటాలలో ఏకముఖ విద్యుత్తు పుడుతుంది. దానిని ఇంట్లో వాడుకొనే ఏకాంతర విద్యుత్తుగా ఇన్వర్టరు మారుస్తుంది. పగలు మిగిలిన విద్యుత్తు పంపిణీ సంస్థ తీగలలోకి వెళుతుంది. రాత్రికి కావలసినది ఆ తీగల నుంచే తిరిగి వస్తుంది. ఈ రాకపోకలను లెక్కించే పద్ధతిని నెట్ మీటరింగు అంటారు. ఒక కిలోవాటు ఫలకాలకు సుమారు 10 చదరపు మీటర్ల నీడలేని స్థలం కావాలి. వాటినుంచి నెలకు సగటున 120 యూనిట్లు లభిస్తాయి.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించిన వాటికి 78,000 రూపాయల రాయితీని నిర్ణయించింది. ఒక కిలోవాటు అమరికకు 65,000 రూపాయలు అవుతుందనుకొందాం. రాయితీ పోగా గృహస్థుడి పెట్టుబడి 35,000 రూపాయలు.

ఈ పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగి వస్తుంది? దీనికి అందరికీ ఒకే సమాధానం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన ధరల ప్రకారం మొదటి 30 యూనిట్లకు ఒక్కొక్కటి రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75. అంటే వాడకం పెరిగినకొద్దీ యూనిటు ధర పెరుగుతుంది.

రాజమహేంద్రవరంలో రెండు ఇళ్లను ఊహించుకొందాం. మొదటి ఇంటివారు నెలకు 100 యూనిట్లు వాడతారు. ఒక కిలోవాటు ఫలకాలవల్ల వారికి మిగిలేది నెలకు సుమారు 305 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదిన్నరేళ్లకు పైగా పడుతుంది. రెండవ ఇంటివారు 300 యూనిట్లు వాడతారు. అవే ఫలకాలు వారికి అత్యధిక ధర గల 120 యూనిట్లను తగ్గిస్తాయి. మిగులు నెలకు సుమారు 926 రూపాయలు. మూడేళ్లు దాటిన కొద్ది నెలలకే పెట్టుబడి చేతికి వస్తుంది. అయితే అదే ఇంటిపై రెండవ కిలోవాటు మిగిల్చేది 600 రూపాయలే. ఎండ ఒకటే, ఫలకం ఒకటే; ఫలితం మాత్రం బిల్లునుబట్టి మారుతుంది.

కాబట్టి ముందుగా వాడకంలోని వృథాను అరికట్టాలి. 60 వాట్ల బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు ఖర్చవుతాయి. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు ఒకటిన్నర యూనిటు కూడా పట్టదు. ఎక్కువ విద్యుత్తు వాడే ఇంట్లో ఆ బల్బు ఖరీదు కొద్ది నెలలలోనే తీరిపోతుంది.

డెల్టా పరిస్థితులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కోనసీమలో కొబ్బరిచెట్ల నీడ ఒక ఫలకంపై పడినా మొత్తం ఉత్పత్తి తగ్గవచ్చు. వానకాలంలో దిగుబడి సన్నగిల్లుతుంది. 1996 నవంబరు 6 నాటి పెనుతుఫానును చవిచూసిన ఈ నేలపై ఫలకాల చట్రం దృఢంగా ఉండాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా చూసుకోవాలి. బ్యాటరీ లేని సాధారణ అమరిక, ఊళ్లో కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. బ్యాటరీ పెడితే పెట్టుబడి పెరుగుతుంది. ఫలకాలు ఇరవై అయిదేళ్లు పనిచేసినా ఇన్వర్టరును మధ్యలో మార్చవలసి రావచ్చు.

రాయితీని మాత్రమే చూసి తొందరపడడమూ, ఖర్చును మాత్రమే చూసి వెనుకాడడమూ రెండూ సరికావు. ఏడాది బిల్లులు ముందుంచుకొని, కప్పుపై పడే నీడను గమనించి, అవసరమైనంతే అమర్చుకోవడం వివేకం. "మంచమున్నంతవరకే కాళ్లు చాపుకోవాలి" అన్న పెద్దల మాట సౌరవిద్యుత్తుకూ వర్తిస్తుంది.