స్పందనలోనే సంస్కారం

బస్సు ఆలస్యమైనా, మార్కులు తగ్గినా మనస్సు చికాకు పడటం సహజం. జరిగినదానిని మార్చలేము; కాని, మన స్పందనను మలచుకోగలము.

నేటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాషను నేర్చుకొన్నారు. అందుకై అడవులలో తిరుగుతుండగా మలేరియా సోకింది. చికిత్సకు వాడిన క్వినైన్ వలన వినికిడి దెబ్బతిన్నది. విని నేర్వవలసిన భాషను అధ్యయనం చేసేవారికి ఇంతకంటె కష్టమేమున్నది? అయినా ఆయన కృషి ఆగలేదు. 1931లో సవర వ్యాకరణం, అనంతరం నిఘంటువులు వెలువడ్డాయి.

చికాకు కలిగినప్పుడు క్షణకాలం ఆగి, ‘ఇప్పుడు నేను చేయగలిగినదేమిటి?’ అని ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నే మనస్సును కోపం నుండి కర్తవ్యం వైపు మరలిస్తుంది.