విమానం కదలకముందు చల్లగాలి ఎక్కడిది?

వేసవి సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలో ఏడో తరగతి పిల్లవాడొకడు అడిగాడు: "సార్, మద్రాసులో విమానం ఎక్కి కూర్చోగానే పైనుంచి తెల్లగా పొగ వచ్చింది. మా అవ్వ భయపడి దిగిపోదామంది. అది పొగేనా?"

పొగ కాదు. సముద్రతీర నగరాల గాలిలో తేమ ఎక్కువ. తలుపులు తెరిచి ఉండటంతో ఆ తేమగాలి లోపలికి వస్తుంది. పైనుంచి వచ్చే బాగా చల్లని గాలి దానికి తగలగానే ఆవిరి సన్నని నీటి బిందువులుగా మారుతుంది. మన పుస్తకాల్లో సాంద్రీకరణం అనేది ఇదే. వాసన ఉండదు, కళ్లు మండవు. తలుపులు మూసి లోపలి తేమ తగ్గేసరికి అదే పోతుంది. విశాఖ, చెన్నై నుంచి వెళ్లేవారికి ఇది మామూలే.

అయితే ఆ ప్రశ్న వెనకాల ఇంకో ప్రశ్న ఉంది. ఇంజన్లు ఇంకా ఆన్ కాలేదు. మరి ఆ చల్లగాలి ఎక్కడి నుంచి వచ్చింది?

ముందు వేడి లెక్క చూద్దాం. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి బయటికి వస్తుంది. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320లో 180 మంది కూర్చుంటే అది 18 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ లాగేసే వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే మనుషుల వేడికే అయిదు టన్నుల ఏసీ కావాలి. ఇంట్లో పెట్టుకునే ఒకటిన్నర టన్ను ఏసీలు మూడు పెట్టినా చాలదు. పైన ఎండకు కాలే లోహపు కప్పు, కిటికీల్లోంచి పడే ఎండ, లోపలి పరికరాల వేడి వేరే. ఎనిమిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించి చూడండి, శక్తి పాఠం వాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

చాలా జెట్ విమానాల్లో ఏసీకి మన ఇంటి ఏసీలా గ్యాస్ ఉండదు. అక్కడ చల్లబరిచేది గాలే. సైకిల్ పంపు కొడితే పంపు గొట్టం వేడెక్కుతుంది, ట్యూబు వాల్వు నొక్కితే బయటికొచ్చే గాలి చల్లగా తగులుతుంది. విమానంలో జరిగేదీ అంతే. ఆకాశంలో ఉన్నప్పుడు ఇంజన్‌లో నొక్కుకుపోయిన గాలిలో కొంత తీసుకుంటారు. అది దాదాపు 200 డిగ్రీల వేడితో ఉంటుంది. రెక్కల మధ్య పొట్టభాగంలో 'ప్యాక్' అనే యంత్రాలు రెండు ఉంటాయి. అవి ఆ గాలి వేడిని బయటి గాలికి వదిలి, మళ్లీ నొక్కి, మళ్లీ చల్లార్చి, చివరికి ఒక చిన్న టర్బైన్ గుండా వ్యాకోచింపజేస్తాయి. టర్బైన్‌ను తిప్పడంలో గాలి తన శక్తిని పోగొట్టుకుని బాగా చల్లబడుతుంది. బోయింగ్ 787 మాత్రం ఇంజన్ గాలిని వాడదు, కరెంటు మోటార్లతో బయటి గాలిని నొక్కుకుంటుంది.

నేల మీద ఇంజన్ ఆగి ఉన్నప్పుడు ఆ నొక్కిన గాలిని ఇచ్చేది తోక చివర ఉండే చిన్న జెట్ ఇంజన్. దాన్ని ఏపీయూ అంటారు. వెనక మెట్ల నుంచి ఎక్కేవాళ్లకు చెవులు గింగురుమనే చప్పుడు దానిదే. దీపాలకు కరెంటు కూడా అదే ఇస్తుంది. కానీ దానికి ఖర్చు ఉంది. ఏ320 లాంటి విమానంలో గంటకు 100 కిలోలకు పైగా ఇంధనం తాగుతుంది. చప్పుడు, పొగ అదనం. అందుకే పెద్ద విమానాశ్రయాల్లో ఏరోబ్రిడ్జి దగ్గరే కరెంటు తీగ, చల్లగాలి గొట్టం ఇస్తారు. విమానం పొట్ట కింద తగిలించే లావుపాటి పసుపు గొట్టం అదే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విమానాశ్రయంలో ఈ సదుపాయం ఉన్నచోట ఏపీయూ వాడకం మీద ఆంక్షలే ఉన్నాయి. మంచి ఏర్పాటే, కాకపోతే గొట్టం మెలికపడినా, చిరిగినా, చల్లదనం సగం దారిలోనే పోతుంది.

ఇక మే నెల మధ్యాహ్నం. ప్యాక్ తన వేడిని వదలాల్సింది బయటి గాలికే కదా. ఎగిరేటప్పుడు చల్లని గాలి దూసుకొస్తుంది. నేల మీద ఫ్యాను లాక్కునేది కాలిన కాంక్రీటు మీది గాలి. వడగాలిలో ఏపీయూ ఇచ్చే గాలి కూడా కొంత తగ్గుతుంది. అవసరం ఎక్కువైన వేళకే బలం తగ్గిందన్నమాట. ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఏపీయూ గాలి మొత్తం ఇంజన్‌ను తిప్పడానికే కావాలి కాబట్టి ప్యాక్‌లు ఆపేస్తారు. ఒకటి రెండు నిమిషాలు గాలి ఆగిందని కంగారు పడకండి.

కంగారు పడాల్సిన సందర్భం వేరే ఉంది. ఏపీయూ పాడైనా కొన్ని షరతులతో విమానాన్ని నడపడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. అప్పుడు బయటి చల్లగాలి యంత్రం కావాలి. అది లేని చోట తలుపులు మూసి కూర్చోబెడితే లోపల ఉడికిపోతారు. "పైకి వెళ్తే చల్లబడుతుంది" అన్న మాట నిజమే కానీ, పైకి వెళ్లేదెప్పుడో తెలియాలి. 2023 జూలైలో అమెరికాలోని లాస్ వెగాస్‌లో 40 డిగ్రీలు దాటిన ఎండలో గంటల తరబడి నేల మీదే ఆగిన విమానంలో ప్రయాణికులు అస్వస్థులయ్యారు. కొందరిని ఆసుపత్రికి తరలించారు.

చంటిపిల్లల ఒళ్లు పెద్దల కంటే త్వరగా వేడెక్కుతుంది. ఉక్కగా ఉందని వాళ్లు చెప్పలేరు. ముసలివాళ్లకు దాహం సరిగా తెలియదు. కాబట్టి కూర్చోగానే ఎండ పడే కిటికీ తెర దించండి. సిబ్బంది అడిగినప్పుడు మాత్రం ఎత్తాలి. తలపై గాలి వచ్చే మూతలు తిప్పి తెరవండి. బిడ్డకు చుట్టిన దుప్పటి తీసి, పాలో నీళ్లో వయసును బట్టి పట్టండి. భద్రతా తనిఖీ దాటాక నీళ్ల సీసా నింపుకోవడం మరవద్దు. బిడ్డ ముఖం కందినా, మత్తుగా వాలిపోయినా, వాంతి చేసుకున్నా మొహమాటం లేకుండా పిలుపు బటన్ నొక్కండి. "ఏసీ ఎందుకు రావట్లేదు" అని అడిగితే "వస్తుందండీ" అంటారు. "ఏపీయూ పనిచేస్తోందా, బయటి గాలి గొట్టం పెట్టించగలరా, ఎంతసేపు పడుతుంది" అని అడిగితే సిబ్బంది కెప్టెన్‌ను కనుక్కుని చెప్పాల్సి వస్తుంది.

అప్పటికీ కుదరకపోతే దిగిపోవడానికీ దారి ఉంది. పౌర విమానయాన భద్రతా బ్యూరో 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఎక్కిన తర్వాత చాలా ఆలస్యమైతే ప్రయాణికులను దించి డిపార్చర్ గేటు గుండా బయటికి పంపవచ్చు. నిర్ణయం విమానసంస్థది, భద్రతా సిబ్బందిది. అడగాల్సింది మాత్రం లోపల కూర్చున్నవాళ్లే.