సముద్రం అడుగున కొళాయి కట్టేసేదెవరు?

1995 జనవరి 8 అనగానే కోనసీమలో పెద్దవయసు ఆడవాళ్లకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పాశర్లపూడి బ్లోఅవుట్ రోజది. దేవర్లంక దగ్గర లేచిన మంట 65 రోజులదాకా ఆరలేదు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, పశువుల్ని ఎవరికి అప్పగించాలో తెలియక ఇళ్లు విడిచిపోయిన రోజులవి.

ఆ బావి తవ్వుతుండగానే ఎగదన్నింది. తవ్వడం అయ్యాక జరిగే పని ఇంకొకటుంది. దాన్ని 'వెల్ కంప్లీషన్' అంటారు. అంటే బావిని వాడకానికి సిద్ధం చెయ్యడం. పేరు కొత్తగా ఉన్నా పని మనకు తెలిసిందే. పెరట్లో ఫిల్టర్ పాయింటు దింపేటప్పుడు మేస్త్రీ ఇసుక నలగ ఎంతుందో చూసి జాలి ఎంచుతాడు కదా! జాలి కన్నాలు పెద్దవైతే నీళ్లతోపాటు ఇసుకా వస్తుంది, మరీ చిన్నవైతే నీళ్లే రావు. గ్యాసు బావిలోనూ అంతే, జాలి చుట్టూ గులకరేణువులు కూడా కూరుతారు. గ్యాసు వచ్చే గొట్టానికీ, బయటి కేసింగుకూ మధ్య సందును ప్యాకర్‌తో బిగిస్తారు. కుక్కర్ మూతకు గ్యాస్కెట్ చేసే పనే అది.

ఇక అల్లవరం మండలం ఓడలరేవు చూడండి. సముద్రంలోని చిన్న క్షేత్రాల గ్యాసు అక్కడి ఓఎన్‌జీసీ టెర్మినల్‌కు చేరుతుంది. జీఎస్-15 క్షేత్రం లోతు తక్కువ నీళ్లలో ఉంది కనుక అక్కడ ప్లాట్‌ఫారం కట్టారు, వాల్వులు నీటిపైనే ఉంటాయి. వశిష్ఠ, ఎస్-1 క్షేత్రాలు కొన్ని వందల మీటర్ల లోతులో ఉన్నాయి. చిన్న క్షేత్రానికి అంత ఎత్తు ప్లాట్‌ఫారం కడితే గిట్టదు. అందుకని వాల్వుల్ని సముద్రం అడుగునే అమర్చి, గొట్టాలతో ఒడ్డుకు కలిపారు. ఖర్చు కలిసొచ్చింది, నిజమే. కానీ రిపేరు వస్తే? మనిషి దిగలేడు. రోబో కావాలి, పెద్ద పనైతే రోజుకు భారీగా అద్దె పడే ఓడో, రిగ్గో రావాలి. అందుకే చవక జాలి, చవక గొట్టం ఇక్కడ చివరికి ఖరీదవుతాయి. కాకినాడ ఎదుట సముద్రంలోని పెద్ద క్షేత్రం డి-6లోనే, 2009లో గ్యాసు ఉత్పత్తి మొదలయ్యాక, కొన్ని బావుల్లోకి నీరు, ఇసుక చేరి మూసేయాల్సి వచ్చింది. నాలుగైదు బావులే ఉన్నచోట ఒకటి పోతే ఏం మిగులుతుంది?

గొట్టం లోహమూ అలాంటిదే. గ్యాసులో నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే మామూలు ఉక్కును తినేస్తాయి. మన ఇనప పెనం తుప్పు, స్టీలు గిన్నె మెరుపు గుర్తు తెచ్చుకోండి. అలాంటి బావికి క్రోమియం ఎక్కువున్న ఉక్కు వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం బావిలోపలి సేఫ్టీ వాల్వు. రైలుపెట్టెలో నొక్కి పట్టుకుంటేనే నీళ్లొచ్చే కొళాయిలాంటిది. పైనుంచి నూనె ఒత్తిడి ఉన్నంతసేపే తెరిచి ఉంటుంది. పైన తుఫాను వచ్చినా, గొట్టం తెగినా ఒత్తిడి పోయి దానంతటదే మూసుకోవాలి. మూసుకుంటుందో లేదో అప్పుడప్పుడు పరీక్షిస్తూ ఉండాలి మరి!

2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరిగే ప్రాజెక్టుకు తెలుగు సారాంశం ముందుగానే కలెక్టరేటులో పెట్టాలి. చదువుకుని వెళ్లండి. వాల్వు ఎంత లోతున ఉంది, ఎన్నాళ్లకోసారి పరీక్షిస్తారు, ఇసుక వస్తే ఎలా కనిపెడతారు, గ్యాసు అయిపోయాక బావిని సిమెంటుతో మూసే ఖర్చు ఎవరిది అని అడగండి. ముందువరస కుర్చీలు ఎటూ మగవాళ్లవే. మైకు అడిగితే మాత్రం ఇవ్వక తప్పదు.