పాత ఎస్‌యూవీలో ఆ చప్పుడు ఎక్కడిది?

పాత ఎస్‌యూవీలో వినిపించే వింత శబ్దాలకు మూలాలు నాలుగే: అరిగిపోయి ఏర్పడిన సందు, గ్రీజో ఆయిలో చాలని ఒరిపిడి, వదులైన రేకు, ఎక్కడో కారుతున్న గాలి. సందులో లోహం లోహాన్ని కొడితే ‘టక్’ అంటుంది. ఒరిపిడి కీచుమంటుంది. రేకు గలగలలాడుతుంది. గాలి బుసకొడుతుంది. మిగతావన్నీ వీటి కలగలుపులే. ధ్వన్యనుకరణ పదాలకు కరువులేని తెలుగులో బండి జబ్బు చెప్పడం నిజానికి తేలిక. “ఏదో సౌండొస్తోంది” అని తాళాలు చేతికిచ్చి వెళ్లిపోయే యజమాని కన్నా “ఎడమకి తిప్పినప్పుడు టకటకమంటోంది” అని చెప్పే యజమాని బిల్లు తక్కువవుతుంది.

అయితే శబ్దం ఎక్కణ్నుంచి వస్తోందో చెప్పడంలో చెవి తరచూ మోసపోతుంది. శబ్దం దిక్కును మెదడు పసిగట్టేది ప్రధానంగా అది రెండు చెవులకూ చేరడంలో ఉన్న తేడాను బట్టి. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. అద్దాలు బిగించిన క్యాబిన్‌లో నాలుగు వైపుల నుంచీ వచ్చే ప్రతిధ్వనులు ఆ కాస్త ఆధారాన్నీ చెరిపేస్తాయి. పైగా గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోయే శబ్దం ఉక్కులో 5,000 మీటర్లకు పైగా పోతుంది. బొలెరో, స్కార్పియో, పాత సఫారీ వంటివి నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద బాడీని కూర్చోబెట్టిన బండ్లు. వెనక ఇరుసు హౌసింగ్‌లో పుట్టిన మూలుగు ఆ ఉక్కు పట్టీల వెంట ప్రయాణించి డ్రైవర్ సీటు కిందే పుట్టినట్టు వినబడుతుంది. అందుకే చెయ్యి తిరిగిన మెకానిక్ ముందు అడిగే ప్రశ్న “ఎక్కడ?” కాదు, “ఎప్పుడు?”. రేస్ ఇచ్చినప్పుడా, బండి వేగం పెరిగినప్పుడా, గుంతలో దిగినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, బ్రేకు తొక్కినప్పుడా? శబ్దం దేన్ని వెంబడిస్తోందో తెలిస్తే మూలం సగం దొరికినట్టే.

దీని వెనక చిన్న లెక్క ఉంది. 235/65 ఆర్17 సైజు టైరు చుట్టుకొలత సుమారు 2.3 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం సెకనుకు ఏడు చుట్లు పైచిలుకు తిరుగుతుంది. వెనక హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ గేర్ల నిష్పత్తి 4కు దగ్గరగా ఉన్న బండిలో, వాటికి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే సెకనులో 29 చుట్లు తిరుగుతుంది. నిమిషానికి 800 చుట్ల ఐడ్లింగ్‌లో ఉన్న నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌లో సెకనుకు 27 సార్లు ఇంధనం మండుతుంది, ఒక్కో వాల్వు ఏడు సార్లలోపు తెరుచుకుంటుంది. సెకనుకు ఇరవై దాటిన దెబ్బలను చెవి విడదీసి వినలేదు, అవి కలిసిపోయి రొదగా మారతాయి. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి నెమ్మదిగా పోతున్నప్పుడు లెక్కపెట్టగలిగేలా టిక్కుమంటుంది. 60 వేగంలో తిరిగే షాఫ్ట్ లోపం అలా వినబడదు, అదురుగా ఒంటికి తగులుతుంది.

ఇంజన్ శబ్దాన్నీ చక్రాల శబ్దాన్నీ విడదీసే పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద, చప్పుడు వచ్చే వేగంలో గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజన్‌ను ఐడ్లింగ్‌కు వదలాలి. శబ్దం అలాగే సాగి, బండి నెమ్మదించే కొద్దీ తగ్గితే అది చక్రాలదో, టైర్లదో, వాటితో పాటు తిరిగే షాఫ్ట్‌దో. చటుక్కున ఆగిపోతే ఇంజన్ వైపుదో, బలం మోసేటప్పుడు మాత్రమే అరిచే గేర్లదో. ఈ పరీక్షలో ఇంజన్‌ను మాత్రం ఆపకూడదు. ఆపితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకుకు అందే సాయం పోతుంది.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజన్ నుంచి నేటి వరకూ ఈ యంత్రానికి టకటక పుట్టుకతో వచ్చిన గుణం. వేడెక్కిన గాలిలోకి చిమ్మిన డీజిల్ వెంటనే అంటుకోదు. ఆ కొద్దిపాటి ఆలస్యంలో పోగైన ఇంధనమంతా ఒక్కసారిగా మండితే పీడనం నిట్టనిలువుగా ఎగసి సిలిండర్ గోడలను కొడుతుంది. చల్లని ఇంజన్‌లో ఆలస్యం ఎక్కువ, కాబట్టి పొద్దున్నే గోల ఎక్కువ. 1997లో ఆల్ఫా రోమియో 156తో కార్లలోకి వచ్చిన కామన్ రైల్ పద్ధతి దీన్ని చాలావరకు అణిచింది. అసలు మోతాదుకు ముందు చుక్కంత ఇంధనం చిమ్మి మంటకు దారి వేయడమే అందులోని కిటుకు. కనుక కామన్ రైల్ బండి వేడెక్కాక కూడా పాత జీపులా కొట్టుకుంటోందంటే ఇంజక్టర్లను అనుమానించాలి. ఇంజక్టర్ అడుగున ఉండే రాగి వాషర్ దగ్గర కారితే శబ్దం వేరు: ‘చుఫ్ చుఫ్’ అంటూ ఆవిరి రైలును గుర్తుచేస్తుంది, పక్కనే నల్లటి మసి గడ్డకడుతుంది.

స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో పైభాగంలో వినిపించి, ఆయిల్ చేరగానే ఆగే టిక్‌టిక్ హైడ్రాలిక్ టాపెట్లది. భయపడనవసరం లేదు. భయపడాల్సింది కింది నుంచి, ఆయిల్ ఛాంబర్ వైపు నుంచి వచ్చే బరువైన దెబ్బకు. కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగినప్పుడు బరువు మీద, ముఖ్యంగా ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక ఆ దెబ్బ పెరుగుతుంది. ఇంజక్టర్ల కరెంటు ప్లగ్గులను ఒక్కొక్కటిగా తీసి చూస్తే, ఏ సిలిండర్ పని మానినప్పుడు దెబ్బ మెత్తబడుతుందో జబ్బు అక్కడే. ప్లగ్గు తీయవచ్చు గానీ డీజిల్ పైపు విప్పరాదు. అందులో పీడనం వెయ్యి బార్లు దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

టర్బో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. సన్నని ఈల దాని సహజ స్వరం. అది సైరన్‌లా ఎగసిందంటే బేరింగు అరిగి చక్రం ఊగుతోందన్నమాట. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుసకొట్టి, బండి లాగకపోతే ఇంటర్‌కూలర్ గొట్టం చిరిగి ఉంటుంది. ఇక బెల్టు కీచుకు మెకానిక్‌లు నీళ్లతో పరీక్ష పెడతారు. తిరుగుతున్న బెల్టు మీద కాసిని నీళ్లు చిలకరించగానే కీచు ఆగి మళ్లీ మొదలైతే పుల్లీల వరుస తప్పింది. నీళ్లు పడ్డాక ఇంకా ఎక్కువైతే బిగుతు చాలడం లేదు.

క్లచ్ దగ్గర పాదమే పరీక్షకుడు. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే గరగర వస్తే రిలీజ్ బేరింగు. న్యూట్రల్‌లో ఉన్న శబ్దం పెడల్ తొక్కగానే ఆగితే గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. రెండోది ఖరీదైన జబ్బు.

గేర్‌బాక్స్ నుంచి వెనక హౌసింగ్‌కు బలాన్ని మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర్లలో ప్లస్ గుర్తు ఆకారంలో ఉండే ముక్కను మన మెకానిక్‌లు ‘క్రాస్’ అంటారు. పేరు ముద్దుగా ఉన్నా వంశం పెద్దది. పదహారో శతాబ్దపు ఇటలీ గణితజ్ఞుడు కార్డానో పేరు, పదిహేడో శతాబ్దపు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరు ఈ జాయింటుకు అంటుకునే ఉన్నాయి. దీనిలో పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది: ఒంగి తిరిగేటప్పుడు ఇటు సమవేగంతో తిప్పినా అటు వేగం ప్రతి చుట్టుకూ రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. షాఫ్ట్‌కు రెండు చివర్లా రెండు జాయింట్లు ఒకే వరుసలో పెడితే ఒకదాని హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. షాఫ్ట్ విప్పి బిగించేటప్పుడు స్ప్లైన్‌లో పళ్లు తప్పి కూర్చుంటే వరుస చెడి, రిపేరుకు ముందు లేని అదురు రిపేరు తర్వాత మొదలవుతుంది. బండి ఇటీవల షెడ్డుకు వెళ్లొచ్చిందా అని అడగడం ఇందుకే. క్రాస్ సూది రోలర్లు ఎండిపోయి అరిగితే క్లచ్ వదిలిన క్షణాన, లేదా ముందు గేరు నుంచి రివర్స్‌కు మారినప్పుడు కింద ఒకే ఒక్క ‘టక్’. హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ మూలుగు ఇలా ఉండదు. లాగేటప్పుడు ఒక స్వరం, కాలు తీసినప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది, ఎందుకంటే పంటికి రెండు ముఖాలు, ఒక్కో స్థితిలో ఒక్కో ముఖం బరువు మోస్తుంది.

పాత బండ్లలో ఎక్కువగా పొరబడేది హబ్ బేరింగు విషయంలోనే. బండి ఇరుసులో గాడి చేసి గోళీలు దొర్లించే ఏర్పాటుకు వేల్స్‌లోని కార్మార్థెన్‌లో ఇనుప పని చేయించే ఫిలిప్ వాన్ 1794లోనే పేటెంట్ పొందాడు. బరువునూ పక్క తోపునూ కలిపి మోయగల శంకు ఆకారపు రోలర్ బేరింగుకు అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ 1898లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తరహా బేరింగులే చాలా పాత ఎస్‌యూవీల హబ్‌లలో ఉంటాయి. వాటి ప్రాణం గ్రీజు పొరలో ఉంటుంది. నీళ్లు చేరితే గ్రీజు పాలలా తెల్లబడి, రోలరు ఆనిన చోట తుప్పు గుంటలు పడతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వాహనాలెన్నో రోజుల తరబడి నీట నానాయి. అలా మునిగిన బండి ఇంజన్‌ను శుభ్రం చేసి అమ్మకానికి పెట్టినా, హబ్‌లను విప్పి గ్రీజు మార్చకపోతే సంగతి కొన్ని నెలలకు రొద రూపంలో బయటపడుతుంది.

గుంట పడిన బేరింగు టక్కుమనకుండా ఎందుకు మూలుగుతుంది? ఇరవై రోలర్లున్న బేరింగులో బయటి రింగు మీది ఒక గుంటను చక్రం చుట్టుకు ఎనిమిది తొమ్మిది రోలర్లు తొక్కిపోతాయి. 60 వేగంలో అది సెకనుకు దాదాపు అరవై దెబ్బలు. చెవికి అందేది దూరంగా ఎగిరే విమానం లాంటి రొద. మలుపులో అది మారుతుంది. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాలపైకి వాలుతుంది, అప్పుడు రొద పెరిగితే సాధారణంగా దోషి కుడి వైపుదే. అచ్చం ఇలాంటి రొదే ఎత్తుపల్లాలుగా అరిగిన టైరుకూ ఉంటుంది. నున్నటి తారు మీద తగ్గి సిమెంటు రోడ్డు మీద హెచ్చేది టైరు. ఏ రోడ్డయినా ఒకేలా ఉండేది బేరింగు. ఇంకా అనుమానముంటే జాకీతో ఎత్తి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో కాయిల్ స్ప్రింగును పట్టుకుంటే సరి. బాగున్న బేరింగు స్ప్రింగులో జాడ తెలియనివ్వదు. పోయినది ఇసుక నలుగుతున్నట్టు వేళ్లకు తగులుతుంది.

డస్టర్, ఎక్స్‌యూవీ500 వంటి ముందు చక్రాలు లాగే బండ్లలో క్రాస్‌కు బదులు ఆరు గోళీల సీవీ జాయింటు ఉంటుంది. వేగం హెచ్చుతగ్గులు లేని ఈ జాయింటు 1920లలో ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ ర్జెప్పా ఆలోచన. దాని రబ్బరు తొడుగు చిరిగితే గ్రీజు చిమ్మిపోయి దుమ్ము చేరుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు వరసగా వచ్చే ‘టకటకటక’ ఆ గోళీలది. చక్రం లోపలి వైపు గ్రీజు చారలు కనిపిస్తే ఇక వినక్కర్లేదు.

సస్పెన్షన్‌కు స్పీడ్ బ్రేకరే ప్రయోగశాల. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటినప్పుడు యాంటీ రోల్ బార్ మెలిపడదు, దాని లింక్ రాడ్లు నోరెత్తవు. ఒక చక్రం ముందు, ఒకటి వెనక ఎక్కేలా ఏటవాలుగా దాటితే అవి టకటకలాడతాయి. రెండు విధాలా ‘ధబ్’మంటే షాక్ అబ్జార్బర్ మౌంటు, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. జాకీ మీద చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట హబ్ బేరింగుదో బాల్ జాయింటుదో, కుడి ఎడమలు పట్టి ఊపితే స్టీరింగ్ రాడ్ ఎండ్‌ది. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు ఒరిగిపోతుంది, ఆ శబ్దంతో బండి నడపరాదు. ఇక బొలెరో వెనక కిర్రు కమాను కట్టలది. ఫిడేలు తీగ మీద లాగే దాన్నీ కమానే అంటారు. శబ్దం పుట్టే తీరూ ఒకటే: పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం. సంగీతంలోనే తేడా.

బ్రేకు కీచు చాలాసార్లు కావాలని పెట్టినదే. ప్యాడ్ మందం రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి దానికున్న ఉక్కు రేకు డిస్క్‌ను తాకి అరుస్తుంది. ఆ అరుపు ఆగి గరగర మొదలైతే డిస్క్ కూడా తినేస్తోందని లెక్క. వానకు తడిసిన మర్నాడు రెండు మూడు బ్రేకులకే పోయే రాపిడి పైపై తుప్పుది. డిస్క్‌కూ వెనక రేకుకూ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి పెట్టే కేక వింటే బండి ముక్కలైపోతుందనిపిస్తుంది. రాయి తీస్తే ఖర్చు సున్నా.

సైలెన్సర్ మీది వేడి రేకు, వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ, సీటు కింద జాకీ, నంబరు ప్లేటు కూడా ఒక్కో వేగంలో తాళం వేస్తాయి. పెద్ద రిపేరుకు డబ్బు కట్టే ముందు వీటిని చేత్తో ఊపి చూడాలి.

1816లో పారిస్ వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి ఛాతీ మీద ఆనించి విన్నాడు, స్టెతస్కోపు అలా పుట్టింది. ఆటోనగర్‌లో పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ మీద ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకునే మెకానిక్ చేసేదీ అదే పని. ఫ్యాను, బెల్టులకు దూరంగా ఉంటే చాలు. ఇప్పుడు ఫోన్ యాప్‌లు శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపుతున్నాయి. 60 వేగంలో 7 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపిస్తే చక్రం, 29 దగ్గరైతే షాఫ్ట్. ఇంత తక్కువ స్వరాలను ఫోన్ మైకు సరిగా పట్టదు, అందులోని కంపన సెన్సారును వాడే యాప్ మేలు.

పాత బండి కొనేవారు ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పటి నుంచే వినడం మొదలుపెట్టాలి. స్టార్ట్ చేయకముందే బోనెట్ మీద చెయ్యి ఆనించి చూడాలి. ఎండలో లేని బండి వెచ్చగా తగిలితే ఎవరో ముందే వేడి చేసి ఉంచారన్నమాట. ఆ రోజుకు బేరం ఆపి, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లండి.